హారియట్ చెప్పిన ఔను

లొరైన్ ప్రూయిట్ ఆఫీసు గుమ్మంలోనే ఆగిపోయింది. గుడ్డ మాస్కు పైన కనిపించే కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయాయి.

"రండమ్మా, కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి," అంది ఆగ్నెస్ డొంబ్రోవ్‌స్కీ. బెల్‌ఫోర్డ్ ఊరికంతటికీ ప్రైవేటు డిటెక్టివ్ ఆవిడొక్కతే.

మూలనున్న కుర్చీని ఆమెవైపు జరిపినవాడు క్లైడ్ ఓబర్మేయర్. ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సు నడిపాడు. మార్చిలో అంటురోగం వల్ల బళ్లు మూతపడ్డాక ఆగ్నెస్ దగ్గర సహాయకుడిగా చేరాడు. ఏప్రిల్లో అతని భార్య నాడీన్‌ను జబ్బు ఎత్తుకుపోయింది. అప్పట్నుంచి అతనికి ఏడుపు రాలేదు, ఆకలి కూడా సరిగా తెలియడం లేదు. ఆగ్నెస్ బుర్రను చూసి అబ్బురపడటం ఒక్కటే ఇంకా చేతనవుతోంది.

"హారియట్ చచ్చినా ఆ మాట అనదు మేడం," అంది లొరైన్. "మా లిండెల్ బడి మూసెయ్యడానికి ఔనంటుందా? ఓటింగు రోజు పొద్దున కూడా నాతో అంది, 'నువ్వు కిటికీ మాత్రం మూయకు, మిగతాది నే చూసుకుంటా' అని. పోయిన మనిషి నోట్లో మాట పెట్టేశారు. నాకు భయంగా ఉంది."

లొరైన్ ఆ బడి వంటమనిషి. బడిలో పిల్లలు లేకపోయినా, వంటింటి కిటికీలోంచి రోజూ నూట నలభై మందికి భోజనం పొట్లాలు అందిస్తోంది. మామూలు రోజుల్లో బడిని శాశ్వతంగా మూయాలంటే మూడు బహిరంగ సభలు పెట్టాలి. అంటురోగం పుణ్యమా అని వచ్చిన అత్యవసర చట్టంతో ఇప్పుడు ఫోన్లో ఒక్క ఓటింగు చాలు. పోయిన వారం మంగళవారం సాయంత్రం ఐదుగురు స్కూలు బోర్డు సభ్యులు ఓటేశారు. మూసెయ్యడానికి మూడు, వద్దని రెండు. ఆ మూడో ఓటు హారియట్ జెల్నర్‌ది. తెల్లారి చూస్తే ఆవిడ తన వంటింట్లో ఫోను పక్కన స్పృహ లేకుండా పడి ఉంది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి, ఒక్క మాటైనా మాట్లాడకుండానే పోయింది.

"వచ్చే శుక్రవారం నుంచి కిటికీ మూత. ఆ పిల్లలకి నేనేం చెప్పను?" అంది లొరైన్.

బోర్డు అధ్యక్షుడు గోర్డన్ వాయిట్ తన వరండాలోనే ఆగ్నెస్‌నీ క్లైడ్‌నీ నిలబెట్టి మాట్లాడాడు. బడి మూయాలని మొదట్నుంచీ పట్టుబట్టింది ఆయనే.

"ఓడినవాళ్లకి వంద సాకులు. ఔను అంది, నా చెవులారా విన్నా."

"మీరెక్కణ్ణుంచి విన్నారు?" అంది ఆగ్నెస్.

"ఈ కుర్చీలోంచే. ఫోనును మ్యూట్‌లో పెట్టి దాని గొంతు నొక్కడం నాకు చేతకాదు. మా కుక్క మొరుగుడు సభ మొత్తం విన్నది, కావాలంటే అడుగు."

బోర్డు గుమాస్తా బెర్నీస్ టల్లీ ఆఫీసులో ఒక్కతే ఉంది. చట్టం ప్రకారం అక్కడ ఒక్కరే ఉండాలి, అందుకని వీళ్లిద్దరూ గుమ్మం బయటే నిలబడ్డారు. బల్ల మీద రెండు రికార్డర్లున్నాయి. ప్రతి సభకూ రెండు ప్రతులు దాచాలన్నది కూడా కొత్త నియమమే.

"జనాన్ని గదిలోకి రానివ్వట్లేదుగా," అంది బెర్నీస్, చదువుతున్నట్టే మాట్లాడుతూ. "వాళ్లు రాసి పంపినవన్నీ నేను పైకి చదవాలి. మంగళవారం అరవై ఒకటి. అంతకుముందు వారం డెబ్బై రెండు."

"రెండు ప్రతులూ ఇస్తారా?"

బెర్నీస్ కాస్త తటపటాయించింది. "రెండోదాంట్లో చివర కొంచెం తెగింది. బ్యాటరీ అయిపోయుంటుంది."

ఆ సాయంత్రం క్లైడ్ మొదటి ప్రతి పెట్టాడు. సభ మొదట్లో చట్టం చెప్పిన ప్రకారం బెర్నీస్ ఒక్కొక్కరినీ అడిగింది: "అందరి మాటా మీకు వినిపిస్తోందా?" హారియట్ "ఔను" అంది. వెనక ఊరి సైరన్ మోగుతోంది, రోజూ సాయంత్రం ఆరింటికి ఒక్కసారి మోగేదే. తర్వాత ఉత్తరాలు. నలభయ్యోది క్లైడ్ రాసిందే. ఆ చప్పిడి గొంతులో వింటుంటే ముక్కూ మొహం తెలియని వాడెవడో రాసినట్టుంది. ఆ ఉత్తరం చివరికొస్తుండగా ఎక్కడో దబ్బున చప్పుడైంది. బెర్నీస్ ఒక్క క్షణం ఆగి, మిగతాది చదువుకుపోయింది. కుక్క మొరిగింది. ఏడుంపావుకి ఓటింగు. "సమ్మతం." "అసమ్మతం." "సమ్మతం." "అసమ్మతం." చివరగా హారియట్, "ఔను." ఆ మాట వెనక ఏదో సన్నటి మూలుగు. ఫ్రిజ్ కాబోలు అనుకున్నాడు క్లైడ్.

"పాత సభలవి కూడా తెప్పించు," అంది ఆగ్నెస్. "ఇరవై రెండేళ్లలో హారియట్ ఒక్కసారైనా ఓటుకి 'ఔను' అందేమో చూడు."

అనలేదు. ఎప్పుడూ సమ్మతం, లేదా అసమ్మతం.

గురువారం ఆరింటికి రెండు నిమిషాల ముందు ఆగ్నెస్ అందర్నీ ఒకే ఫోను లైన్లోకి చేర్చింది. నలుగురు సభ్యులు, లొరైన్, బెర్నీస్. "అందరికీ వినిపిస్తోందా?" అని పేరుపేరునా అడిగింది. ఔను, ఔను అంటుండగానే సైరన్ మోగింది. ప్రతి ఇంటి ఫోన్లోంచీ అదే కూత.

"ఈ కూత గుర్తు పెట్టుకోండి," అంది ఆగ్నెస్. "హారియట్ ఓటు వెనక ఉన్నదిదే. కానీ ఓటేసింది ఏడుంపావుకి."

ఆగ్నెస్ ఆగకుండా చెప్పుకుపోయింది.

"అంటే ఆ 'ఔను' ఆరింటిది. వినిపిస్తోందని చెప్పిన మాట. ఒక రికార్డరు నడుస్తుండగా, రెండోదాన్ని ఆపి, వెనక్కి తిప్పి ఫోనుకి వినిపించారు. అందుకే రెండో ప్రతి సరిగ్గా అక్కడే తెగింది. గోర్డన్ గారికి బడి మూయాలనుంది గాని, యంత్రాలు ఆయన దగ్గర లేవు. బెర్నీస్?"

"నేనే," అంది బెర్నీస్. గొంతు మారలేదు.

"దొంగముండా!" అని అరిచింది లొరైన్. "నా పిల్లల కూడు తీశావే!"

"ఎవరి మీదా కోపంతో కాదు. వాళ్ల ఏడుపంతా నా నోటితోనే చదివించారు. మొదట్లో ఇంటికెళ్లి ఏడ్చేదాన్ని. తర్వాత ఏమీ అనిపించడం మానేసింది. సభ ఆగిపోతే వచ్చే వారం మళ్లీ అన్నీ చదవాలి. అయిపోతే చాలనుకున్నా. హారియట్ కాదనేదని నాకూ తెలుసు. కానీ నా దగ్గరున్నది ఔను ఒక్కటే."

"సభ్యులెవరైనా పలకకపోతే సభ ఆపాలి. అదీ చట్టమే," అంది ఆగ్నెస్. "ఆపి ఉంటే ఎవరో ఒకరు ఆవిడ తలుపు తట్టేవారు."

అప్పుడు క్లైడ్ నోరు విప్పాడు. "ఆ దబ్బుమన్న చప్పుడు మీరు విన్నారా?"

"విన్నా."

"తర్వాత?"

"తర్వాత వాక్యం చదివా."

హారియట్ ఓటు లెక్కలోంచి పోయింది. రెండుకు రెండయ్యాక తీర్మానం వీగిపోయింది. బెర్నీస్ సంగతి షరీఫు చూసుకున్నాడు. శుక్రవారం పదకొండింటికి లిండెల్ బడి కిటికీ మామూలుగానే తెరుచుకుంది.

పొట్లాలు పంచడం అయ్యాక క్లైడ్ శ్మశానానికి వెళ్లాడు. జేబులో తను బోర్డుకి రాసిన ఉత్తరం నకలు ఉంది. చప్పుడైన చోట పెన్సిల్ గీత పెట్టుకున్నాడు. హారియట్ వినని వాక్యాలు మూడు మిగిలాయి. హారియట్ సమాధి మట్టి ముందు నిలబడి, బస్సులో పిల్లల్ని పిలిచినంత గట్టిగా రెండు చదివాడు. మూడోది, "నా భార్య నాడీన్ పోయేదాకా ఆ కిటికీ దగ్గర సాయం చేసింది," అని మొదలవుతుంది. నాడీన్ పేరు దగ్గర చదవడం ఆపేశాడు. ఏప్రిల్ నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఏడ్చి, కళ్లద్దాలు తుడుచుకుని, ఆ వాక్యం పూర్తిగా చదివాడు.