బాగా అలవాటైపోయాయండి

ఉదయం ఏడింటికి, తను పాఠాలు చెప్పే తాడేపల్లిగూడెం కాలేజీకి వెళ్ళడానికి రైలు అందుకునే హడావుడిలోనే ఆనంద్ పాల్ బీరువా తాళం తీసి, తండ్రి చేతిలో ఒక మార్ఫిన్ మాత్ర పెట్టాడు. పన్నెండు రోజుల కిందటి దాకా బాలస్వామి రోజుకి రెండు వేసుకునేవాడు. ఇప్పుడు ఒకటే. అది మింగేదాకా కొడుకు ఎదురుగా నిలబడి చూస్తాడు, నాలుక కింద దాచుకుంటాడేమోనని. ముప్పై ఏళ్ళు ఆకివీడులో చేపల లారీలకి లోడు ఎత్తించిన మేస్త్రీ, బీడీ కూడా ముట్టని మనిషి, అరవై ఎనిమిదేళ్ళ వయసులో కన్నకొడుకు ముందు నోరు తెరిచి చూపించాల్సి వచ్చింది.

"సాయంత్రానికి ఇంకోటి ఇచ్చి వెళ్ళు బాబూ," అన్నాడు బాలస్వామి.

"డాక్టరుగారు ఒకటే అన్నారు నాన్నా. ఓర్చుకోవాలి. ప్రార్థన చేసుకోండి."

చెప్పడం ఎంత తేలికో. వెన్నెముకలోకి క్యాన్సరు పాకిన మనిషికి చెప్పడం మరీ తేలిక, లేచి వచ్చి ఎదురు అడగలేడు కదా.

పక్క గదిలో చెల్లెలు షారోన్ కంప్యూటరు ముందు కూర్చునుంది. ఆమె మెడికల్ కోడరు. అమెరికా డాక్టర్లు రాసిన కాగితాలు చదివి, అందులో ఉన్న ఒక్కో జబ్బుకి ఒక్కో కోడు వేయడం ఆమె ఉద్యోగం. ఏలూరులో ఇంట్లోనే కూర్చుని రోజుకి ఎనభై ఫైళ్ళు చేస్తుంది. ఆసుపత్రి నుంచి తండ్రి ఫైలు తెచ్చిన రోజు, దానిమీద ఉన్న 'ఎఫ్ 11.2' అంటే ఏమిటని అన్న అడిగితే, పనిలోంచి తలెత్తకుండానే చెప్పింది, "ఓపియాయిడ్ డిపెండెన్స్ అన్నయ్యా. ఆ మాత్రలకి బానిసైపోవడం." తప్పు చెప్పలేదు. ఆ కోడుకి అర్థం అదే. ఎవరి పేరు పక్కన ఉందో చూడాలని మాత్రం ఆమెకి తోచలేదు.

ఆనంద్ పాల్ నెలకోసారి చర్చిలో కుర్రకారుకి మత్తుమందుల గురించి ప్రసంగం చేస్తాడు. అలాంటివాడి ఇంట్లోనే ఇదా అని సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ కోడు వేసిన కొత్త కుర్రడాక్టరే మోతాదు సగానికి తగ్గించాడు. ఆనంద్ పాల్ మాత్రలు బీరువాలో పెట్టి తాళం వేశాడు. తండ్రి మూలుగు వినపడితే నొప్పి అనుకోవడం మానేసి, యావ అనుకోవడం మొదలుపెట్టారు అందరూ. చదువుకున్నవాళ్ళు గనక ఇంకాస్త గట్టిగా అనుకున్నారు.

ఆ ఉదయం బాలస్వామి బాత్రూములో కూర్చున్నవాడు లేవలేకపోయాడు. అన్నాచెల్లెళ్ళిద్దరూ పట్టుకుని తెచ్చి మంచం మీద పడుకోబెడుతుంటే, ఆయన పిల్లల ముందే ఏడ్చేశాడు. తల్లి అచ్చమ్మ ఇన్నాళ్ళూ పళ్ళబిగువున ఉన్న మనిషి, ఇక ఆగలేదు.

"ఏం నేరం చేశారమ్మా మీ నాన్న? ఆ కుర్రడాక్టరుగారు మాత్రలు అలవాటయ్యాయా అని అడిగితే, బాగా అలవాటైపోయాయండి అన్నాను. మొదట్లో పది రోజులు వేసినవి వేసినట్టు కక్కేసేవారు. తర్వాత ఒంటికి పడ్డాయి, నాలుగు మెతుకులు తింటున్నారు, నిద్రపోతున్నారు. ఆ సంతోషంలో చెప్పాను. అందుకేనా ఈ శిక్ష?"

షారోన్ గబగబా లోపలికి వెళ్ళింది. ఫైలు తెచ్చి, పన్నెండు రోజుల్లో మొదటిసారి అక్షరం అక్షరం చదివింది. రోగి మార్ఫిన్ మీద డిపెండెంట్, భార్య చెప్పింది అని ఇంగ్లీషులో ఒకే ఒక్క లైను. ఎక్కువ వేసుకున్నాడని గానీ, దొంగతనంగా తెచ్చుకున్నాడని గానీ, ఇంకా కావాలని వేధించాడని గానీ ఒక్క ముక్క లేదు. ఉద్యోగంలో ఇలాంటి లైను కనిపిస్తే కోడు వేసేముందు డాక్టరుకి ప్రశ్న పంపాలి. రోగి మత్తుకి బానిసా, లేక వైద్యం కోసం వాడుతున్నాడా అని అడగాలి. రెండూ ఒకటి కావు. ఆ మాట కొత్తగా చేరిన అమ్మాయిలకి ఆమే పాఠం చెప్పింది. కన్నతండ్రి దగ్గరకి వచ్చేసరికి అడగలేదు.

"అన్నయ్యా, అది తప్పు. ఇంటిల్లిపాదిలో అది కనిపెట్టగలిగినదాన్ని నేనొక్కదాన్నే. కనిపెట్టలేదు."

"ఆసుపత్రి కంప్యూటర్లో ఉంది. అర్థం చెప్పింది నువ్వే. ఇప్పుడు తప్పంటే ఎలా?" అన్నాడు ఆనంద్ పాల్.

"నాన్న ఎప్పుడైనా మూడోది అడిగారా నిన్ను?"

అతను బీరువా వైపు చూశాడు.

"బతిమాలిన ప్రతిసారీ రెండోదే అడిగారు. క్యాన్సరు డాక్టరుగారు రాసిచ్చిన రెండోది. మత్తు కోసం అడిగేవాడు అంత లెక్కగా అడుగుతాడా అన్నయ్యా?"

రైలు వెళ్ళిపోయే వేళయింది. ఆనంద్ పాల్ బ్యాగు కింద పెట్టి, బండి తాళాలు తీసుకున్నాడు.

ఆసుపత్రిలో ఆ కుర్రడాక్టరు జయకృష్ణ మర్యాదగానే మాట్లాడాడు. కంప్యూటర్లో రెడీగా ఉండే టెంప్లేట్లో ఆ ఆప్షనే ముందొచ్చిందని, రోజుకి వందమందిని చూడాలని, చిన్న పొరపాటని చెప్పాడు. షారోన్ గొంతు పెంచలేదు గానీ కూర్చోమన్నా కూర్చోలేదు.

"చిన్నది ఎలా అవుతుందండి? మీకు అది ఒక క్లిక్కు. మా నాన్నగారికి పన్నెండు రోజులు. మా అమ్మ అలవాటు అంటే ఒంటికి పడ్డాయని. మళ్ళీ ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేది. మీరు అడగలేదు, నేనూ అడగలేదు."

జయకృష్ణ ఫైలు మొదటి నుంచీ చదివాడు. మొదట మాత్రలు రాసిన క్యాన్సరు డాక్టరుకి ఫోను చేసి మాట్లాడాడు. బానిసత్వం లేదు, క్యాన్సరు నొప్పికి వైద్య సలహాపై మార్ఫిన్ వాడుతున్నారు అని సవరణ రాసి సంతకం పెట్టాడు. కోడు మార్చాడు, రెండో మాత్ర మళ్ళీ రాశాడు. సాయంత్రం తనే ఇంటికొచ్చి చూస్తానన్నాడు.

ఇంటికి రాగానే ఆనంద్ పాల్ తండ్రి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. బీరువా తాళం తల్లి చేతిలో పెట్టాడు. బాలస్వామే అతని భుజం మీద చెయ్యి వేసి, నువ్వు నా మంచికే చేశావులేరా అన్నాడు. ఆ మాటకి కొడుకు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అచ్చమ్మ అన్నం కలిపి తెచ్చింది, తిన్నాక డాక్టరు రాసిన రెండో మాత్ర ఇచ్చింది.

మధ్యాహ్నానికి నొప్పి కాస్త నెమ్మదించింది. బాలస్వామి కూతుర్ని పిలిచి, ఏం మార్పించావో చెప్పమన్నాడు. షారోన్ మంచం పక్కన కూర్చుని, రెండు కోడ్లకీ తేడా చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"నువ్వు రోజూ ఎనభైమందికి రాస్తావు కదమ్మా," అన్నాడు. "వాళ్ళ తరఫున ఎవరైనా వెళ్ళి అడుగుతారా?"

షారోన్ జవాబు చెప్పబోయింది. ఆరేళ్ళ ఉద్యోగంలో ఆ కోడు ఎందరికి వేసిందో, అందులో ఎందరి గురించి ప్రశ్న పంపిందో గుర్తు చేసుకోబోయింది. ఒక్క పేరూ గుర్తు రాలేదు. తండ్రి ఒళ్ళో తల పెట్టి ఏడుస్తుంటే, ఆయన ఆమె జుట్టు నిమురుతూ ఉండిపోయాడు. అడిగిన మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.