మాస్టర్ పడిపోయిన షెడ్డు

స్టూడియోలో చివరి షెడ్డు పేరెత్తితే లైట్లవాళ్ళు ఇప్పటికీ మాట మార్చేస్తారు. దీపాలు ఆరాక ఆ దారిన పోవడానికి ఎంతటి పోటుగాళ్ళకైనా కాళ్ళు రావు. లోపల ముందు అడుగుల చప్పుడు… కాసేపు ఏమీ ఉండదు… ఆ తర్వాత ఓ మగగొంతు ఒక్కటంటే ఒక్క మాట అంటుంది. ఆ మాటేమిటో సరిగ్గా విన్నవాడు లేడు. అప్పటికే పరుగు లంకించుకుని ఉంటాడు కదా మరి.

నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను. ఆపైన మీ ఇష్టం.

ఆ షెడ్డులోనే మాస్టర్ తన కుంగ్‌ఫూ సినిమా తీశాడు. హీరో తనే, ఫైట్లు నేర్పింది తనే, డైరెక్టరూ తనే. అక్కడ పనిచేసేవాళ్ళకి ఒకటే కట్టుబాటు — "కట్" అనే మాట ఆయన నోటి నుంచే రావాలి. ఒకసారి ఆయన భుజం చీరుకుపోయిందని కెమెరామన్ కంగారుపడి కట్ చెప్పాడు. మంచి షాటు బూడిదలో పోసిన పన్నీరు చేశావని మాస్టర్ చాలా రోజులు అతని మొహం చూడలేదు. అప్పట్నుంచీ అందరూ నోటికి తాళం వేసుకున్నారు.

ఆఖరి ఫైటు. మెట్ల మీద నుంచి వెనక్కి పడాలి.

పడ్డాడు… కదల్లేదు.

ఎంత బాగా చేస్తున్నాడో అనుకున్నారందరూ. విలన్ వేషగాడు ఎత్తిన పిడికిలి దించలేదు. ఫిల్ము అయిపోయి కెమెరా టకటకమనేదాకా ఒక్కరూ దగ్గరికి పోలేదు. పోయి చూసేసరికి ప్రాణం లేదు.

మాస్టర్ భార్యా అక్కడే ఉంది. వేషాలు కుట్టేది ఆవిడే. చొక్కాకి దుమ్మంటుతోందే, మళ్ళీ ఉతకాలి కదా అనుకుంది.

సినిమాని జనం నెత్తిన పెట్టుకున్నారు. ఆవిడ మాత్రం ఏడవలేదు. వండింది, తిన్నది, కుట్టింది. కోడలు రాయిలా ఉందని అత్తగారు చాటుగా అంటే, నిజమే అనుకుంది. లోపలంతా తిమ్మిరెక్కిపోయింది, గిల్లినా తెలియడం లేదు.

షెడ్డులో గొంతు వినిపిస్తోందని వాచ్‌మన్ నసుగుతూ చెప్పిన రోజున మాత్రం కుట్టుమిషన్ ఆపేసింది. భయమేసి కాదు. ఆశ పుట్టింది. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడేమో… ఒక్కసారి పలికితే చాలు.

ఆ రాత్రే వెళ్ళింది.

తలుపు ఓరగా తీసి ఉంది. లోపల కళ్ళు పొడుచుకున్నా కానరాని చీకటి. ఎక్కడో చెక్క కిర్రుమంది… అడుగుల చప్పుడు… ఆగిపోయింది.

"కట్."

"ఏవండీ…" అంది ఆవిడ. "నేనే."

ఎవరో ముక్కు ఎగబీల్చారు. దెయ్యాలకి జలుబు చేస్తుందా? టార్చి నొక్కింది.

మెట్ల కింద, మాస్టర్ పడ్డ చోటే, కెమెరామన్ గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"నేను, వదినా," అన్నాడు తలెత్తకుండా. "ఆ రోజు ఈ మాట అనుంటే… వెంటనే ఆస్పత్రికి మోసుకుపోయేవాళ్ళం. డాక్టరూ అదే అన్నాడు. రాత్రిళ్ళు వచ్చి, అనేసి పోతున్నా."

"ఇన్నాళ్ళూ… నువ్వేనా?"

"నేనే."

"ఇంకెవరూ లేరా? సరిగ్గా చూశావా?"

"ఎవరూ లేరు వదినా."

నమ్మలేక టార్చి చుట్టూ తిప్పింది. మెట్లు, గోడ, మూలన పడేసిన చెక్కకత్తులు. అంతే.

దెయ్యం కాదని తేలితే ఎవరైనా అమ్మయ్య అనుకుంటారు. ఆవిడకి మాత్రం మొగుడు అప్పుడే పోయాడు. ఆ మెట్ల మీదే కూలబడి బావురుమంది. ఆ ఏడుపు గేటు దాకా వినబడింది. వాచ్‌మన్ అటు అడుగు వేస్తే ఒట్టు. షెడ్డులో ఇప్పుడు ఆడదెయ్యం కూడా చేరిందని మర్నాడు కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు.