కాలమ్ జర పెద్దగ చెయ్యుండ్రి

"సార్, మీ సాఫ్ట్‌వేర్ల మందుల పేర్లు మాయమైనయ్."

ఫోన్‌లో ఆ గొంతు వినడం కేదార్‌కి అదే మొదటిసారి. అమీర్‌పేటలో ఒక సందులో, మూడో అంతస్తులో వాళ్ళ ఆఫీసు. చిన్న చిన్న నర్సింగ్‌హోమ్‌లకి మందుల సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ. దాన్ని రాసేదీ, తీసుకెళ్ళి పెట్టి వచ్చేదీ, తర్వాత తిట్లు తినేదీ అన్నీ కేదారే.

"మాయమవడం ఏంటండీ? ఉంటాయి. సరిగ్గా చూడండి."

"నా కండ్లు మంచిగనే ఉన్నయ్. పేషెంట్ ఉన్నడు, బెడ్ నంబర్ ఉన్నది, టైమ్ ఉన్నది. ఏం మందియ్యాల్నో గదొక్కటే లేదు. మీరొచ్చి చూస్తరా, నన్ను అందాజగ ఇయ్యమంటరా?"

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకి మెట్రోలో ఒకటే స్టేషన్. తిట్టుకుంటూ వెళ్ళాడు. నర్సింగ్‌హోమ్‌లో మెట్ల కింద మందుల కౌంటర్, దాని వెనక తెల్ల కోటు వేసుకున్న అమ్మాయి. కోటు మీద దివ్యశ్రీ అని పేరు. ఆమె మానిటర్‌ని అతని వైపు తిప్పింది.

స్క్రీన్ మీద వార్డుల పేర్లుంటాయి. వార్డు పక్కన ప్లస్ గుర్తు నొక్కితే దాని కింద పేషెంట్లు, పేషెంట్ పక్కన నొక్కితే అతని మందులు, కొమ్మలోంచి కొమ్మలా విచ్చుకుంటాయి. కేదార్ లాంటివాళ్ళు దాన్ని ట్రీ వ్యూ అంటారు. మందు పేరు కాలమ్‌కీ టైమ్ కాలమ్‌కీ మధ్య సన్నటి గీత ఉంటుంది. ఆ గీతని మౌస్‌తో లాగితే కాలమ్ వెడల్పు పెరుగుతుంది, తగ్గుతుంది. ఎవరో లాగి లాగి పేర్ల కాలమ్‌ని సున్నా చేసేశారు. కేదార్ గీత పట్టుకుని కుడివైపుకి జరిపాడు. పేర్లన్నీ వచ్చాయి.

"గింతేనా?" అంది దివ్యశ్రీ.

"ఇంతే."

"గీత గుంజితే పేర్లు మాయమయ్యే చెట్టు పెట్టిండ్రు. మీరు ఇంజనీరేనా?"

"గీత కనిపిస్తే చాలు లాగేవాళ్ళుంటారని నాకేం తెలుసండీ?"

అలా మొదలైంది. ఆ తర్వాత పేర్లు తరచుగా మాయమయ్యాయి. ఊళ్ళో ఏ నర్సింగ్‌హోమ్‌లోనూ లేని విచిత్రం పంజాగుట్టలోనే ఎందుకు జరుగుతోందని కేదార్‌కి అనుమానం రాకపోలేదు.

"నిజం చెప్పండి. మీరే లాగుతున్నారు కదూ?"

"నాకేం పని లేదా?" మాత్రల షీటు కత్తిరిస్తూ తల ఎత్తకుండా అంది. మరో షీటు అందుకుంటూ, "ఒక్కసారి గుంజిన. మిగతయన్ని సిస్టర్లే" అంది.

అతను గీత జరిపి వెంటనే వెళ్ళిపోవడం మానేశాడు. ఆమె వెంటనే పంపించడం మానేసింది.

కంపెనీ యజమాని చక్రపాణి గుడ్డివాడేం కాదు. "ఏంటయ్యా కేదార్, పంజాగుట్ట వాళ్ళు నిన్నేమన్నా అల్లుడిని చేసుకున్నారా? పిలిచినప్పుడల్లా పరిగెడుతున్నావు. ఎవరూ లాగడానికి వీల్లేకుండా ఆ కాలమ్స్ బిగించెయ్. ఈ పూటే అయిపోవాలి."

పద్ధతిగా చెయ్యాలంటే ఆ పని రెండు రోజులది. అన్నిటికంటే పొడుగు పేరు ఎంతుందో చూసి కాలమ్‌కి అంత వెడల్పివ్వాలి, అంతకంటే తగ్గకుండా కట్టడి పెట్టాలి, స్క్రీన్‌లో పట్టకపోతే పక్కకి జరుపుకోవడానికి అడుగున పట్టీ పెట్టాలి. అడ్డదారిలో అయితే ఒక పూట. కాలమ్స్ అన్నీ స్క్రీన్‌లోనే సర్దుకునేలా చేసి తాళం వెయ్యడం. కేదార్ అడ్డదారే పట్టాడు. అతని వెడల్పాటి స్క్రీన్ మీద ప్రతి పేరూ నిండుగా కనిపించింది. సాయంత్రం పంజాగుట్ట వెళ్ళే తొందరలో ఉన్నాడు, అంతకంటే చూడలేదు.

దివ్యశ్రీ కౌంటర్‌లో ఉన్నది పాతకాలపు చిన్న మానిటర్. అందులో కాలమ్స్ ఇరుకుగా సర్దుకున్నాయి. పట్టని పేర్లు సగంలో తెగి, చివర మూడు చుక్కలు మిగిలాయి.

"డోసు పేరు చివర్లనే ఉంటది. గదే కనిపిస్తలేదు. కాలమ్ జర పెద్దగ చెయ్యుండ్రి."

"మౌస్ పేరు మీద పెట్టి ఒక్క క్షణం ఆగండి, మొత్తం కనిపిస్తుంది. వచ్చే వారం సరిచేస్తాను."

"మందుల కోసం లైన్ల నిలబడ్డోళ్ళు ఆగనిస్తరా?"

"ఒక వారమే కదండీ." అతను నవ్వాడు. "కానీ మీకే కష్టం. ఇక పేర్లు మాయమయ్యాయని పిలవలేరు. వేరే సాకు వెతుక్కోవాలి."

ఆమె కత్తెర పక్కన పెట్టింది. "సాకెందుకు? సీదా పిలుస్త. ఆరింటికి డ్యూటీ దిగుత."

ఆ వానాకాలమంతా వాళ్ళిద్దరిదే. మెట్రో స్టేషన్ మెట్ల కింద వాన తగ్గేదాకా నిలబడేవాళ్ళు, తగ్గాక కూడా నిలబడేవాళ్ళు. 'అండీ'లు పోయి 'నువ్వు'లు వచ్చాయి. అతని గోదావరి యాసని ఆమె వెక్కిరించేది. అతను ఆమెలా 'కూడా'కి 'సుత' అనబోయి తప్పుగా అని తిట్లు తినేవాడు.

మధ్యలో ఎప్పుడో టీ తాగుతూ ఆమె అనేది, "నీ చుక్కలతోని పరేషాన్ అయితున్న. గా పని చెయ్యరాదు?"

"వచ్చే వారం."

"నాకేదన్న చెప్పేదుంటే గది సుత వచ్చే వారమేనా?"

అతను చెవులదాకా ఎర్రబడి టీ గ్లాసులోకి చూసేవాడు. చెప్పాలనే ఉండేది. బదులుగా ఇంకో టీ చెప్పేవాడు. ప్రేమలో పడ్డవాడు పని మర్చిపోతే లోకం సాధారణంగా నవ్వి ఊరుకుంటుంది. కేదార్ విషయంలో ఊరుకోలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే ఎత్తిపొడుపు లేదు.

"కేదార్, ఒకాయన పడిపోయిండు."

ఆయన పేరు సారయ్య. ఖైరతాబాద్‌లో ఉంటాడు, ఆటో నడుపుతాడు. బీపీ ఎక్కువైందని చేరాడు. డాక్టర్ రాసింది ఇరవై ఐదు మిల్లీగ్రాముల మాత్ర. అదే పేరుతో వంద కూడా ఉంది. స్క్రీన్ మీద పేరూ, మూడు చుక్కలూ. ఆ వార్డులో ఆ మందు వాడే మిగతా అందరికీ వందే వెళ్తోంది. కౌంటర్ ముందు జనం తోసుకుంటున్నారు. దివ్యశ్రీ మౌస్ పెట్టి ఆగలేదు, వంద మిల్లీగ్రాముల మాత్రలే కవర్లో వేసి పంపింది. కవర్లో వచ్చింది వచ్చినట్టు సిస్టర్ ఇచ్చింది. సారయ్య బాత్‌రూమ్‌కి వెళ్ళడానికి లేచాడు. బీపీ ఒక్కసారిగా పడిపోయి, తల గచ్చుకి కొట్టుకుంది.

కేదార్ వెంటనే పంజాగుట్ట పరిగెత్తి, కౌంటర్‌లోనే కూర్చుని, ఇన్నాళ్ళూ వాయిదా వేసిన పని అప్పటికప్పుడే మొదలుపెట్టి, రాత్రంతా చేసి, ఆదివారం పొద్దున్నకి పూర్తి చేశాడు. చుక్కలు పోయాయి. ప్రతి పేరూ చివరి అంకెతో సహా కనిపించింది. దివ్యశ్రీ ఆ స్క్రీన్‌ని చూస్తూ నిలబడింది.

"గింతేనా పని?" అంది.

మొదటిరోజు కూడా దాదాపు ఇదే మాట అంది. ఆ సాయంత్రం సారయ్య చనిపోయాడు.

సోమవారం నర్సింగ్‌హోమ్‌లో విచారణ. పెద్ద డాక్టర్ నాగేశ్వరిగారు అడుగుతారు, అందరూ చెప్పుకోవాలి. బయల్దేరే ముందు చక్రపాణి కేదార్‌ని గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"చూడు బాబూ, పేరు మొత్తం కనిపించే దారి సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఆ అమ్మాయి చూసుకోలేదు. చుక్కల గురించి మనకెప్పుడైనా ఫోన్ చేసిందా? చెయ్యలేదు. మెయిల్ పెట్టిందా? లేదు. అడిగితే ఆ ఒక్క ముక్క చెప్పి వచ్చెయ్."

చక్రపాణి అన్నది అబద్ధం కాదు. కాలమ్ మాయమైన ప్రతిసారీ ఆఫీసుకి ఫోన్ చేసిన మనిషి, అసలు చెప్పాల్సింది మాత్రం టీ కొట్టు దగ్గరా, వానలో గొడుగు కిందా చెప్పింది. చెప్పింది అతనికే కదా, ఇక ఆఫీసెందుకు అనుకుంది. అదే ఇప్పుడు ఆమె మెడకి చుట్టుకుంది. పోతే ఉద్యోగం ఒక్కటే పోదు, ఫార్మసిస్ట్‌గా రిజిస్ట్రేషనే పోవచ్చు.

గదిలో దివ్యశ్రీ ఒక కుర్చీలో, కేదార్ మరో కుర్చీలో. నాగేశ్వరిగారు ముందు ఆమెనే అడిగారు.

"పేర్లు సరిగ్గా కనిపించడం లేదని వాళ్ళకి చెప్పావా అమ్మా?"

"చెప్పలేదు మేడమ్." అతని వైపు చూడలేదు. "మౌస్ పెట్టి చూడాలె. నేను చూడలేదు. తప్పు నాదే."

చక్రపాణి అనమన్న మాట ఆమే అనేసింది. కేదార్ నోరు మూసుకుని కూర్చుంటే చాలు. ఆ ఒక్క నిమిషం అతను నిజంగానే నోరు మూసుకుని కూర్చున్నాడు. ఆ నిమిషం గురించి తర్వాత చాలాకాలం సిగ్గుపడ్డాడు.

"చెప్పిందండీ," అన్నాడు చివరికి. "కాలమ్స్ బిగించిన రోజే చెప్పింది. తర్వాతా చాలాసార్లు చెప్పింది. నేనే వచ్చే వారం, వచ్చే వారం అన్నాను. సాఫ్ట్‌వేర్ తప్పు కాదు మేడమ్, రాసినవాడి తప్పు. తెలిసీ వదిలేశాను."

నాగేశ్వరిగారు కళ్ళజోడు తీశారు. "ఇది ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పాల్సిన విషయం. మీకు విడిగా ఎందుకు చెప్పింది? మీరామెకి ఏమవుతారు?"

దివ్యశ్రీ అప్పుడు తలెత్తింది.

"తెలిసిన అమ్మాయండీ," అన్నాడు కేదార్.

ఆమె మళ్ళీ తల దించుకుంది. విచారణ ముగిసేసరికి ఆమెని డ్యూటీ నుంచి తప్పించారు. ఆమె రిజిస్ట్రేషన్ సంగతి పైవాళ్ళు తేలుస్తారన్నారు, కేదార్ చెప్పింది కూడా రాసి పంపుతామన్నారు. అతను ఆఫీసుకి తిరిగొచ్చేసరికి అతని బ్యాగ్ వాచ్‌మన్ దగ్గరుంది.

ఆమె ఫోన్ ఎత్తలేదు. డ్యూటీ నుంచి తప్పించినందుకు కాదని అతనికి తెలుసు. నిజాలన్నీ చెప్పి, ఆమె తనకేమవుతుందన్న ఆ ఒక్కటి మాత్రం మింగేశాడు. అమీర్‌పేటలో గదిలో పడుకుని పైకప్పు చూస్తూ, మింగిన మాట గుర్తొచ్చినప్పుడల్లా తనని తాను తిట్టుకున్నాడు. కాసేపటికి సారయ్య గుర్తొచ్చేవాడు. అప్పుడు ఆ తిట్లు కూడా సిగ్గుగా అనిపించేవి.

కర్మ అయిపోయిన మర్నాడు ఖైరతాబాద్ వెళ్ళాడు. ఏం చెప్పాలో తెలియదు, వెళ్ళకుండా ఉండలేకపోయాడు. రైలు పట్టాల పక్క బస్తీలో ఇరుకు సందు. ఇంటి ముందు ఆటో, దాని మీద టార్పాలిన్. ఆటో పక్కన దివ్యశ్రీ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో, లోపలికి వెళ్ళే ధైర్యం చాల్లేదు.

"నువ్వెందుకొచ్చినవ్?" అంది.

"నువ్వెందుకొచ్చావో అందుకే."

మాటలు విని సారయ్య భార్య సత్తెమ్మ గడపలోకి వచ్చింది. నుదురు బోసిగా ఉంది. "ఎవలు మీరు?"

"మందులు తప్పిచ్చింది నేనే అమ్మా," అంది దివ్యశ్రీ.

"ఆమె తప్పిచ్చేలా కంప్యూటర్‌లో చేసింది నేనమ్మా," అన్నాడు కేదార్.

సత్తెమ్మ అరవలేదు, ఏడవలేదు. గడప మీద కూర్చుంది. వాళ్ళని రమ్మనలేదు, పొమ్మనలేదు. ఒకరి తర్వాత ఒకరిని చూసింది.

"ఈ పిల్ల నీకేమైతది?"

పెద్ద డాక్టర్ ముందు రాని మాట అది. ఈ గుమ్మం ముందు చెప్పదగ్గ మాట కూడా కాదు. కానీ ఈమెకి ఇంకో అబద్ధం చెప్పడం అతనివల్ల కాలేదు.

"ఈమె అంటే నాకు ప్రాణం అమ్మా. పెళ్ళి చేసుకోవాలని ఉంది. ఈమెకి కూడా ఇంతవరకు చెప్పలేదు."

దివ్యశ్రీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళూ వినాలనుకున్న మాట ఇలాంటి చోట వినాల్సి వచ్చినందుకు ఆమెకి ఏడుపాగలేదు.

పట్టాల మీద రైలు వెళ్ళిపోయాక సత్తెమ్మ అంది.

"మిమ్ముల మాఫ్ చేసుడు నాతోని కాదు. గా ఆశ పెట్టుకోకుండ్రి. పెండ్లి చేసుకుంటరో, ఇడిశిపెట్టుకుంటరో మీ ఇష్టం. చేసుకుంటే మాత్రం ఒక్క మాట. ఆలుమొగలన్నంక కొట్లాట ఉంటది. గప్పుడు మా ఆయన పేరు తియ్యొద్దు. నీవల్లనే సచ్చిండని నువ్వు దీన్ని అనొద్దు, ఇది నిన్ను అనొద్దు. ఇద్దరు సగం సగం మొయ్యుండ్రి. నెట్టుకోకుండ్రి."

కేదార్ తలూపాడు.

"తల ఊపితే కాదు. నోటితోని చెప్పు."

"అననమ్మా," అన్నాడు.

సత్తెమ్మ దివ్యశ్రీ వైపు తిరిగింది. దివ్యశ్రీ వెక్కిళ్ళ మధ్య మాట కూడగట్టుకుని, "అననమ్మా" అంది. ఇద్దరి నోటా వేరువేరుగా విన్నాకే ఆమె గడప మీద నుంచి లేచి లోపలికి వెళ్ళింది.