కింది వాటాలో ఎవరున్నారు?

వరద వస్తే తమ వీధిలో ఎవరికి ఎక్కువ ఇబ్బందో మ్యాపులో గుర్తించాలి. క్లాసులో అందరూ అదే పనిలో ఉన్నారు. పిచ్చుక అనే పిల్ల గబగబా ఇళ్లన్నీ గీసి, పల్లంలో ఉన్నవాటికి ఎర్ర చుక్కలు పెట్టేసింది. తామున్న మేడ కింది వాటాను మాత్రం ఖాళీగా వదిలేసింది.

"ఇక్కడెవరూ లేరా?" అడిగింది టీచర్.

"లేరు టీచర్. పోయినేడు నీళ్లొచ్చాక బుడ్డి వాళ్లు వెళ్లిపోయారు."

ఆ మాట అంటూనే పిచ్చుక మ్యాపు మడిచేసింది. బుడ్డి ఉన్నప్పుడు రోజూ ఆ గడపలోనే ఇద్దరూ హోంవర్క్ చేసేవాళ్లు. చేసేది కాస్త, కబుర్లు బోలెడు! ఇప్పుడు ఆ తలుపు వైపు చూడకుండా తల తిప్పుకుని మెట్లెక్కేస్తుంది.

సాయంత్రానికి వాన ఎక్కువైంది. మైకు పెట్టిన వ్యాను వీధిలోకి వచ్చింది.

"కాలువ పొంగుతోంది! అందరూ స్కూల్ బిల్డింగ్‌కి రండి!"

జనం సంచులతో బయటికొస్తున్నారు. కింది వాటాలో మాత్రం కుట్టుమిషన్ చప్పుడు ఆగలేదు.

"అమ్మా, కింద ఎవరో ఉన్నారు!"

"ఎవరో ఏంటే? టైలర్ మామ్మ! వచ్చి మూణ్ణెల్లయింది. అయ్యో, ఆవిడకి చెవులు వినపడవు! నువ్వు పరిగెత్తు, తమ్ముణ్ణి ఎత్తుకుని నేనూ వస్తా."

పిచ్చుక మెట్ల వైపు పరిగెత్తింది. 'ఎవరూ లేరు' అని ఎంత తేలిగ్గా అనేసింది!

కిందికి దిగి తలుపు ముందు ఆగింది. తీసేది బుడ్డి అయితే ఎంత బాగుండు! కళ్లు తుడుచుకుని తలుపు తోసింది.

మామ్మ తల వంచుకుని కుడుతోంది. పిచ్చుక ఎదురుగా వెళ్లి నిలబడింది. వాన వైపు చూపించింది. నీళ్లు ఎంత ఎత్తు వస్తాయో చేత్తో చూపించింది. మామ్మకు అర్థమైంది. మిషన్ ఆపి లేచింది.

"రోజూ మెట్ల మీద నీ కాళ్లే కనపడేవి తల్లీ. మొహం ఇవాళే చూశా," అంది.

పిచ్చుక మామ్మ చేయి గట్టిగా పట్టుకుంది. తమ్ముణ్ణి ఎత్తుకుని దిగి వచ్చిన అమ్మ వెనకాలే నడుస్తూ బుడ్డి గురించే ఆలోచించింది. అక్కడా వాన పడుతోందేమో. వాళ్ల తలుపు ఎవరు తడతారో!

స్కూల్ గుమ్మంలో టీచర్ వచ్చినవాళ్ల పేర్లు రాసుకుంటోంది.

"టీచర్, కింది వాటాలో మామ్మ ఉంది. రాసుకోండి," అంది పిచ్చుక. "మామ్మకి వినపడదు. ఏం చెప్పినా ఎదురుగా నిలబడి చెప్పాలి."