కిటికీ పక్క సీటు

కోట బురుజు కింద, గోడకీ ముళ్ళపొదకీ మధ్య ఒక మనిషి చచ్చి పడి ఉన్నాడు.

వయసు యాభై దాటి ఉంటుంది. కొత్త చొక్కా. కుడి అరచెయ్యి గీరుకుపోయింది. ఎడమ చేతికి చిన్న గీత కూడా లేదు. అది చొక్కా జేబుని గట్టిగా కప్పి ఉంది.

ఎస్సై వంగి చూసింది. ఆమెకి పెళ్ళయి నెల. వచ్చే ఆదివారం ఈ కోట చూడ్డానికే మొగుడూ పెళ్ళాలు ప్లాన్ వేసుకున్నారు. ఏ మెట్టు మీద ఫొటో దిగాలో కూడా పోట్లాడుకుని తేల్చుకున్నారు. తీరా తొలిసారి చూడ్డం ఇలా అయింది.

హెడ్ కానిస్టేబుల్ ఆ చేతిని మెల్లగా పక్కకి జరిపి జేబు తడిమాడు. రుమాల్లో చుట్టిన కళ్ళజోడు. అద్దాలు చెక్కుచెదరలేదు.

"ఆయనదే అయ్యుంటుంది మేడమ్."

"ఎప్పుడు పోయాడట?"

"నిన్న సాయంత్రమే అంటున్నాడు డాక్టరు. పైన మెట్టు ఊడి ఉంది. కాలు జారిందో, ఎవరైనా తోశారో. కానీ మేడమ్, ఒక తిరకాసుంది. ఈయన నిన్న సాయంత్రం టూర్ బస్సెక్కి లాడ్జికి వెళ్ళిపోయాడట!"

*

లాడ్జి ఆవరణలో బస్సు నిన్న ఆపినచోటే ఉంది. తాళం తియ్యలేదు. ప్రయాణికులు పసుపు టోపీలు చేతుల్లో పట్టుకుని గుంపులుగా నిలబడ్డారు.

గైడ్ ఎస్సైకి ఎదురొచ్చాడు.

"ఒట్టండీ! నేను లెక్కపెట్టకుండా బస్సు కదలనివ్వను. వెనక మెట్టు మీద నిలబడి పసుపు టోపీలు లెక్కపెడతాను. అందుకే అందరికీ టోపీలిస్తాం. నిన్న కూడా సరిపోయాయి."

"ఆయన్ని చూశావా?"

"ముందు వరసలో కిటికీ పక్కనే ఉన్నారండీ."

భార్య వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. నలభై ఐదు దాటిన మనిషి. పెళ్ళయి రెండు నెలలేనట. బస్సంతా వాళ్ళని 'కొత్త జంట' అని ఆటపట్టించేవాళ్ళట.

"గొడవేమైనా జరిగిందా అమ్మా?"

ఆమె తలూపింది.

"బురుజెక్కాం. నాకు తలనొప్పి. ఆయనేమో ప్రతి రాయినీ నిమురుతూ, ఇది చూడు, అది చూడు అని ఒకటే సంబరం. విసిగిపోయి అనేశాను, 'ఈ రాళ్ళనే కట్టుకోవాల్సింది, నన్నెందుకు కట్టుకున్నారు' అని. ఆయన మొహం చిన్నబోయింది. నేను ఏడుస్తూ దిగొచ్చేశాను."

"తర్వాత?"

"బస్సెక్కుతుంటే మెట్టు తప్పాను. ఆయన చెయ్యిచ్చాడు. విదిలించుకుని వెనక సీట్లోకి పోయి కూర్చున్నాను. దారి పొడుగునా ఆయన టోపీనే చూస్తున్నాను. ఒక్కసారి, ఒక్కసారైనా వెనక్కి తిరుగుతాడేమోనని. తిరగలేదు. బస్సు ఆగగానే వెనక తలుపులోంచి దిగి గదికెళ్ళిపోయాను."

"రాత్రి గదికి రాలేదుగా, వెతకలేదా?"

"అలిగి మా తమ్ముడి గదిలో పడుకున్నాడనుకున్నాను. మేడమ్, నిజం చెప్పండి. నా మాటకే వెనక్కి వెళ్ళి దూకేశాడా?"

ఎస్సై రాయడం ముగించింది. స్టేట్‌మెంట్ ముందుకు జరిపింది. ఆమె ఆ కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని సంతకం పెట్టింది.

ఇక మిగిలింది ఆమె తమ్ముడు. ఈ పెళ్ళి ఇష్టం లేనివాడు. బస్సు దిగగానే లాడ్జి వాళ్ళ బైక్ తీసుకుని బయటికి పోయాడని హెడ్ చెప్పాడు.

"ఎక్కడికెళ్ళావ్?"

"మందుల షాపుకి. అక్కకి తలనొప్పి మాత్రలు."

"కోట వైపు వెళ్ళలేదా?"

"లేదండీ."

"ఆయనంటే నీకు పడదటగా?"

"పడదు. ఈ వయసులో అక్కకి పెళ్ళేంటని నామోషీ. ఒక్కరోజు కూడా బావా అని పిలవలేదు." తల దించుకున్నాడు. "అంతమాత్రాన చంపుతానా?"

హెడ్ ఎస్సై చెవిలో గొణిగాడు. "వీడే మేడమ్. మాట్లాడదాం రమ్మని బైక్ మీద కోటకి తీసుకెళ్ళి తోసేశాడు."

ఎస్సై వినడం లేదు. పోయినాయన మొహం గుర్తు చేసుకుంటోంది. ముక్కు మీద కళ్ళజోడు ఆనిన గుంట లేదు. గుంటలు ఎవరి ముక్కు మీద ఉన్నాయి?

గబగబా వరండాలోకి వచ్చింది.

"అమ్మా, మీ కళ్ళజోడేది?"

"ఎక్కడో పోయింది. ఇప్పుడు దేనికది?"

*

బస్సు తాళం తీయించింది. గైడ్‌నీ తమ్ముణ్ణీ వెనక మెట్టు మీద నిలబెట్టింది. ఆమెను నిన్న కూర్చున్న సీట్లోనే కూర్చోబెట్టింది.

"అమ్మా, ముందు వరస చూడండి. ఏం కనిపిస్తోంది?"

ఆమె కళ్ళు చిట్లించింది. మరుక్షణం ముందు సీటు కమ్మీ పట్టుకుని లేచి నిలబడింది.

"అదుగో... అక్కడే... అలాగే కూర్చున్నాడు..."

గైడ్ మెడ చాచి అటు చూశాడు.

ఎస్సై రుమాలు మూట బయటికి తీసింది. ఇంత కఠినంగా అడగకుండా ఉండాల్సింది. రుమాలు విప్పి కళ్ళజోడు ఆమె చేతిలో పెట్టింది.

"ఇప్పుడు చూడండి."

ఆమె పెట్టుకుంది. చూసింది. అక్కడ మనిషి లేడు. కిటికీ పక్క సీటు పైఅంచుకి తగిలించిన పసుపు టోపీ ఉంది. పక్క సీట్లో ఆయన సంచీ ఉంది.

"రోజూ కిటికీ పక్కన ఎవరు కూర్చునేవాళ్ళు?"

"నేను."

"మీరు మెట్టు తప్పగానే ఆయనకి తెలిసిపోయింది, కళ్ళజోడు లేదని. పైన కళ్ళు తుడుచుకుంటూ గోడ మీద మర్చిపోయారు మీరు. ఎవరూ ఆ సీట్లో కూర్చోకుండా తన టోపీ తగిలించి, ముందు తలుపు నుంచి దిగి వెళ్ళాడు. లెక్క తేలకుండా బస్సు కదలదని ధైర్యం."

"ఆ టోపీనే లెక్కపెట్టాను," అన్నాడు గైడ్. మెట్టు మీద కూలబడిపోయాడు. "నేను మొహం చూడలేదండీ."

"దూకినవాడు పట్టు కోసం గోడని గీరుకోడమ్మా. పడేటప్పుడు ఒక్క చేత్తోనే ఆపుకోబోయాడు. రెండోది మీ కళ్ళజోడు మీదే ఉంది. రెండు చేతులూ వాడుంటే బతికేవాడేమో నాకు తెలీదు. కానీ చావాలని వెళ్ళలేదు. మీ దగ్గరికి రావాలని బయల్దేరాడు."

తమ్ముడు చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. "బావ..." అన్నాడు. ఆ మాట అలవాటు లేని నోట్లో తడబడింది.

ఆమె సీట్ల కమ్మీలు పట్టుకుంటూ ముందుకు నడిచింది. టోపీని రెండు చేతులా తీసి, కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో పెట్టుకుంది. కిటికీలోంచి దూరంగా కోట కనిపిస్తోంది. ఒక్కో రాయీ స్పష్టంగా.

"ఆ పైన ఏదో చూపించాడు మేడమ్," అంది. "నేను చూడలేదు."

పక్క సీట్లోని సంచీని మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.