ఈ ఏడాది మొదటి ఆల్బం

“మా డ్రమ్స్ మీకు మిక్సీలో స్పూను పడినట్టు వినిపించాయా?”

ఉషశ్రీ సుధీంద్రతో మాట్లాడిన మొదటి మాట అది. అదీ హిందీలో, ఢిల్లీ కటవారియా సరాయ్ సందులో మోమోల బండి దగ్గర, నలుగురూ వింటుండగా.

అతను ఒక వెబ్‌సైటుకి హెవీ మెటల్ సంగీతం మీద సమీక్షలు రాస్తాడు. ఆమె ఒక మెటల్ బ్యాండులో డ్రమ్స్ వాయిస్తుంది. వాళ్ళ ప్రోగ్రాం గురించి అతను రాసిన ముక్కే ఆ స్పూను.

“అమ్మబాబోయ్!” అంటూ అతను వెనక్కి జరిగాడు. ఎర్ర చట్నీ కాస్తా చొక్కా మీద పడింది.

“అచ్ఛా, తెలుగువాళ్ళా? ఆగండి, తెలుగులోనే తిడతా.”

“తిట్టండి. కానీ స్పూను మాత్రం పడిందండీ. రెండో పాటలో.”

ఉషశ్రీ ఇంటికెళ్ళి రికార్డింగు విన్నది. పడింది.

అలా మొదలైన పరిచయం ఆర్కే పురంలో ఉషశ్రీ వాళ్ళ క్వార్టర్సు దాకా వచ్చింది. ఆదివారం భోజనానికి సుధీంద్ర వస్తే ఉషశ్రీ తల్లి కస్తూరి ఒక కూర ఎక్కువ చేసేది.

“ఆ గావుకేకల్లో నీకేం వినిపిస్తుంది బాబూ?”

“లోపల దాచుకున్నదంతా అరిచేస్తారు ఆంటీ. తర్వాత ప్రాణం హాయిగా ఉంటుంది.”

“అయితే మా ఆయన రిటైరయ్యాక నేనూ మొదలుపెడతా.”

వానాకాలంలో బ్యాండు మొదటి ఆల్బం వచ్చింది. సుధీంద్ర అన్నిటి గురించీ మాట్లాడాడు, ఆ ఆల్బం గురించి తప్ప. ఉషశ్రీ కూడా అడగలేదు. అడిగితే సిఫారసు చేయించుకున్నట్టే ఉంటుంది.

డిసెంబరులో అతను ఏడాది మొత్తంలో తనకు బాగా నచ్చిన పది ఆల్బమ్‌లు ప్రకటిస్తాడు, పదో స్థానం నుంచి రోజుకొకటి చొప్పున. ఆ జాబితా చూసే పెద్ద ఫెస్టివల్స్ వాళ్ళు కొత్త బ్యాండులను పిలుస్తారు. రెండో స్థానం దాకా వచ్చేసింది. వీళ్ళ పేరు లేదు.

“యార్, అర్థం కాలేదా? ఫస్ట్ మనదే!” అని గిటార్ వాయించే దీపు ఫోనులో గంతులేశాడు.

మొదటి స్థానం ప్రకటించేది మర్నాడు, సోమవారం. ఆ ఆదివారం మేడ మీద ఎండలో చాప పరిచి ఉషశ్రీ, సుధీంద్ర బఠాణీలు ఒలుస్తున్నారు. చాప చివర కస్తూరి ఎండకు వీపు పెట్టి కళ్ళు మూసుకుంది.

“మొదటిది మీదేనండీ,” అన్నాడు సుధీంద్ర ఉన్నట్టుండి.

ఉషశ్రీ చేతిలోని కాయ జారిపోయింది. “సచ్చీ? నిజంగానా?”

“రాసి ఎడిటర్‌కి పంపాను. ఇంకో ఆల్బం గురించి కూడా రాసి పంపాను.”

“రెండెందుకు?”

“మా సైటు వాళ్ళకో రూలుంది. సొంత మనుషుల ఆల్బం గురించి రాయకూడదు.”

“నేను మీ సొంత మనిషినా?”

“అదే అడుగుదామని వచ్చాను.” అతని చెవులు ఎర్రబడ్డాయి. “మీరు కాదంటే మొదటి స్థానం మీదే. నేను మళ్ళీ ఈ ఇంటికి రాను, వచ్చి నవ్వుతూ కూర్చోవడం నా వల్ల కాదు. ఔనంటే మీ గురించి ఎప్పటికీ ఒక్క ముక్క రాయను.”

“వాహ్! ఇంత పెద్ద విషయం నాకంటే ముందు మీ ఎడిటర్‌కి చెప్పారా?”

“ఆవిడ ముందు నోరు పెగిలిందండీ. మీ ముందు పెగల్లేదు.”

ఉషశ్రీకి కోపం వచ్చింది. మూడేళ్ళుగా ఆఫీసు అయ్యాక రిహార్సల్స్, వేళ్ళకు బొబ్బలు, దీపు ఆశలు. వాటన్నిటినీ ఇతను ఆమె ఒక్క మాట మీద పెట్టేశాడు. కానీ ఊరికే ఆల్బంను పొగిడేసి, ఏమీ ఎరగనట్టు భోజనానికొచ్చి కూర చాలా బాగుందనే రకమూ కాదు. స్పూను పడితే పడిందనే చెప్పాడు.

ఫోను తీసింది. “దీపూ, రేపు మన పేరు రాదు.”

అవతలి కేక మేడంతా వినిపించింది.

“విను. వచ్చే ఏడూ రాదు. ఆ పై ఏడూ రాదు. ఆయన జాబితాలో మన పేరు ఎప్పటికీ రాదు. ఫెస్టివల్‌కి మనమే దరఖాస్తు పెట్టుకుందాం, ఠీక్ హై?”

సుధీంద్ర తలెత్తి ఆమెనే చూస్తున్నాడు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

“బాబూ,” అంది కస్తూరి, కళ్ళు తెరవకుండానే. “అల్లుడివైతే అయ్యావు గానీ, తొక్కలు గిన్నెలో వేస్తున్నావేమో చూసుకో.”