ఒంటరిగా స్టార్ట్ చేయకూడదు

"ఆవిడ మన మనిషే," అన్నాడు చీఫ్. "వాళ్ల మనిషి కూడా. అసలు ఎటువైపో తేలేదాకా నువ్వు మెకానిక్‌వి."

బ్రీఫింగ్ అంతే. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ ఒక్క ముక్క తేల్చడానికి ఏజెంట్ నంబర్ పదకొండుకి ఎనిమిది నెలలు పట్టింది.

ఊరి బయట పారామోటార్ శిక్షణ కేంద్రం. వీపుకి ఇంజిన్, దాని వెనక గిర్రున తిరిగే ప్రొపెల్లర్ కట్టుకుని, నెత్తిమీద గుడ్డ రెక్కతో ఎగిరే ఆట అది. తక్కువ ఎత్తులో పోతే రాడార్‌కి దొరకడం కష్టం. సరిహద్దు నది అక్కడికి పన్నెండు కిలోమీటర్ల దూరం. మిస్సైల్ కోడ్లున్న చిప్ ఒకటి ఆ నది దాటాలని విదేశీ ముఠా పట్టుదల. దాటించేది ఆ కేంద్రంలో ఎగరడం నేర్పే ఇన్‌స్ట్రక్టరే, చీఫ్ చెప్పిన ఆవిడ.

పదకొండు షెడ్డు వెనక గదిలో ఉండేవాడు. ఒక మంచం, ఒక స్టవ్వు, పెట్టుడు మీసం సరిచూసుకోవడానికి ఒక అద్దం. చొక్కా గుండీలో మైక్ ఉండేది గానీ అందులో వినపడేది అతని దగ్గు ఒక్కటే. వారానికోసారి చీఫ్ ఆఫీసు నుంచి ఫోన్ మోగేది. "ప్లగ్గులు వచ్చాయా?" అని అడిగేవాళ్లు, అంటే చిప్ వచ్చిందా అని. రాలేదంటే ఠక్కున పెట్టేసేవాళ్లు. బాగున్నావా అని అడగడం కోడ్‌లో లేదు మరి.

ఆ ఎనిమిది నెలల్లో తిన్నావా అని అడిగిన మనిషి ఇన్‌స్ట్రక్టర్ ఒక్కతే. ఎర్ర స్కార్ఫ్, నల్ల కళ్లద్దాలు, ఆవిడ నడిచొస్తే శిష్యులు ఊపిరి బిగబట్టేవాళ్లు. పదకొండుని మాత్రం రోజూ తిట్టేది. స్టార్ట్ చేసే ముందు థ్రాటిల్, అంటే ఇంజిన్ జోరు పెంచే మీట, నొక్కి వదలమనేది, దాని తీగ వెనక్కి వస్తోందో లేదో చూడమనేది. ముందు మోటార్ వీపుకి కట్టుకోవాలి, ఆ తర్వాతే స్టార్ట్. నేలమీద పెట్టి స్టార్ట్ చేసే తాడు లాగితే అది మీదికి దూకుతుంది.

"దూకినదాన్ని పట్టుకుందామనుకుంటావు," అనేది. "చెయ్యి మిగలదు. ఒంటరిగా అసలొద్దు. పక్కన ఒక మనిషి ఉండాలి."

ఆ చివరి మాట అతనికి గుండెలో కలుక్కుమనేది. ఇదేం ఖర్మో, తన గోడు చెప్పుకుందామంటే ఉన్న ఒక్క మనిషీ ఆవిడే, ఆవిడ మీదే నిఘా.

ఆ శుక్రవారం పొద్దున్నే ఫోన్ మోగింది. చిప్ ఆవిడ చేతికి చేరిందట, ఇవాళే ఎగురుతుందట. టీమ్ రావడానికి నలభై నిమిషాలు. అంతవరకు ఆపాలి, వేషం బయటపడకుండా. పదకొండు థ్రాటిల్ తీగని ఫుల్ మీద బిగించేశాడు. రోజూలాగే నొక్కి చూస్తుంది, కదలదు, నన్ను నాలుగు తిట్టి రిపేరుకి కూర్చుంటుంది అనుకున్నాడు.

ఆవిడ వచ్చింది. టౌన్‌కెళ్లి ఆయిల్ తెమ్మని అతన్ని పంపించేసింది. అతను గేటు దాటి, గోడ చాటున నక్కాడు.

చూస్తుండగానే ఆవిడ మోటార్‌ని నేలమీదే నిలబెట్టింది. చలికి మొండికేసిన ఇంజిన్‌ని వీపు మీద నుంచి లాగడం కష్టం, కంగారులో పెద్ద పైలట్లు కూడా చేసే తప్పే అది. ఎడంచేత్తో ఫ్రేమ్ పట్టుకుంది. థ్రాటిల్ చూడలేదు. కుడిచెయ్యి తాడు మీద పడింది.

అరిస్తే వేషం పోతుంది. అరవకపోతే ఆవిడ చెయ్యి పోతుంది. ఆ తీగ బిగించి పెట్టింది తనే.

అతను అరుస్తూ పరిగెత్తాడు. అప్పటికే ఇంజిన్ ఒక్కసారిగా గర్జించి ఆవిడ మీదికి దూకింది. వెల్లకిలా పడి, దాన్ని తోసేయబోతున్న ఆవిడ చెయ్యి ప్రొపెల్లర్ వైపు జారుతోంది. పదకొండు ఆ చెయ్యి ఇవతలికి లాగి, కుడిచేత్తో ఫ్రేమ్‌ని పక్కకి నెట్టాడు. ప్రొపెల్లర్‌కి అడ్డంగా ఉన్న రక్షణ వల చిరిగింది. ఎడంచేత్తో ఇంజిన్ ఆపే స్విచ్ నొక్కాక గానీ తన కుడిచేతికి రెండు వేళ్లు లేవని తెలీలేదు.

పారిపోదామంటే పక్కనే ఆవిడ జీపు ఉంది. చిప్ ఆవిడ జేబులోనే ఉంది. ఊడి వేలాడుతున్న మీసం ఆవిడకి కనపడుతూనే ఉంది.

"తీగ బిగించింది నువ్వేనా?"

"నేనే. మీరు చూసుకుంటారనుకున్నాను."

ఆవిడ స్కార్ఫ్ విప్పి గాయం మీద గట్టిగా అదిమిపెట్టింది, చెయ్యి పైకెత్తి పట్టమంది. ప్రొపెల్లర్ కింద వెతికి రెండు వేళ్లూ ఏరి, శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి ఐస్ డబ్బాలో పెట్టింది. అతన్ని జీపులో కూర్చోబెట్టి, బండిని నదివైపు కాకుండా ఆసుపత్రివైపు తిప్పింది. దారంతా తిడుతూనే ఉంది. ఇంత హాయిగా ఉందేమిటా అనుకున్నాడతను, ఆ నొప్పిలోనూ.

గుండీ మైక్‌లో అంతా విన్న టీమ్ ఆసుపత్రికే వచ్చి ఆవిడకి బేడీలు వేసింది. చిప్ దొరికింది. ఇంతలో డాక్టర్ కాగితం పట్టుకొచ్చాడు. ఆపరేషన్ వెంటనే చేయాలి, పేషెంట్ తరపు మనిషిగా ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. టీమ్‌లో నలుగురూ గోడల వైపు చూశారు. అధికారికంగా వాళ్లెవరూ అక్కడికి రాలేదు. చీఫ్ అయితే అధికారికంగా లేనే లేడు.

"ఇలా ఇవ్వండి," అంది ఆవిడ, బేడీల చేతులు చాపి. పెన్ను తీసుకుని ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత తన అసలు పేరు రాసింది.

ఒక వేలు అతికింది, ఒకటి అతకలేదు. సాయంత్రం చీఫ్ వచ్చి మెచ్చుకున్నాడు. ఇన్నేళ్లుగా ఏ దేశం పోలీసులకీ దొరకని పేరు ఒక వేలు ఖర్చుతో వచ్చిందని నవ్వి, కాగితం ఫైల్లో పెట్టుకోబోయాడు.

"జిరాక్స్ ఒకటి నాకిప్పించండి సార్," అన్నాడు పదకొండు.

"ఎవిడెన్స్‌తో నీకేం పని?"

"ఏం లేదు సార్. 'ఇతని మనిషిని నేను' అని ఎవరైనా రాసిన కాగితం నా దగ్గర ఇంకోటి లేదు."